కారులో పాట బాగుండాలంటే ముందు తలుపు విప్పాలి

ప్రశ్న: నమస్కారమండీ. ఉద్యోగం కోసం రానూ పోనూ రోజుకు రెండు గంటలు కారులోనే గడుపుతాను, వారానికి ఆరు రోజులు. పాటలంటే నాకు ప్రాణం. కారుతో వచ్చిన స్పీకర్లు చప్పగా ఉన్నాయని ముందు తలుపుల్లో కొత్తవి వేయించాను. డబ్బా మీద 300 వాట్లు అని ఉంది. స్టీరియో మాత్రం పాతదే. ఇప్పుడు సౌండ్ పెరిగింది కానీ వినాలనిపించడం లేదు. అరగంటకే చెవులు అలిసిపోతున్నాయి. బేస్ పెంచితే తలుపు గరగరమంటుంది. గొంతు నా మోకాలి దగ్గర నుంచి వస్తున్నట్టుంటుంది. వెనక సీట్లో కూర్చున్న అమ్మ పది నిమిషాలకే తలనొప్పి అంటుంది. అదే పాట మామూలు ఇయర్‌ఫోన్లలో వింటే హాయిగా ఉంటుంది. పెద్ద ఆంప్లిఫయర్, డిక్కీలో 12 అంగుళాల సబ్‌వూఫర్ పెట్టిస్తే అన్నీ సర్దుకుంటాయని స్పీకర్లు బిగించినవాళ్లు అంటున్నారు. పెట్టించమంటారా? పాటలు ఫోన్ నుంచి బ్లూటూత్‌లో వింటాను. తప్పు అక్కడేమైనా ఉందా?
— ఒక పాఠకుడు

సమాధానం: ఇప్పుడే పెట్టించకండి. మీరు రాసిన ఇబ్బందుల్లో చాలావాటికి కారణం మీ కారు తలుపు, మీరు కూర్చునే చోటు. వాటి సంగతి చూడకుండా పెద్ద ఆంప్, పెద్ద సబ్ తెచ్చి కలిపితే ఇప్పటి గరగరే ఇంకా గట్టిగా వినిపిస్తుంది. చెవుల అలసటకు మాత్రం ఆంప్‌తో కొంత సంబంధం ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మీ కోరిక చిన్నదేమీ కాదు. ఇంట్లో తీరిగ్గా కూర్చుని రెండు పాటలు వినే వీలు ఈ రోజుల్లో చాలామందికి లేదు. తలుపులు వేసుకుని, ఎవరూ పలకరించకుండా, మొదటి నుంచి చివరి దాకా ఒక పాట వినగలిగే చోటు వాళ్లకు కారు ఒక్కటే. అక్కడ పాట బాగుండాలని కోరుకోవడం దుబారా అని నేను అనుకోను.

ఖర్చు లేకుండా ఈ రోజే చేయగలిగిన పనులతో మొదలుపెడదాం. స్టీరియోలో బేస్, ట్రెబుల్, ఈక్వలైజర్ అన్నీ సున్నాకు తెండి. రాక్, పాప్ అంటూ ఉండే రెడీమేడ్ సెట్టింగులు, సరౌండ్ లాంటివి ఉంటే ఆపేయండి. ఫోన్‌లో పాటల యాప్‌కు కూడా వేరే ఈక్వలైజర్ ఉంటుంది, అదీ ఆపండి. ఫోన్ ఒకసారి, స్టీరియో ఇంకోసారి బేస్ పెంచుతుంటే ఆ పాట ఎప్పటికీ కుదురుగా ఉండదు.

తర్వాత కారు ఆపి ఉంచి, ఫేడర్ (ముందు, వెనక స్పీకర్ల మధ్య శబ్దాన్ని పంచేది) పూర్తిగా ముందుకు తెచ్చి, మంచి బేస్ గిటారో తబలా డగ్గానో ఉన్న పాట పెట్టండి. బ్యాలెన్స్‌ను పూర్తిగా ఎడమకు తిప్పి వినండి, తర్వాత పూర్తిగా కుడికి. చివరికి మధ్యలోకి తెండి. ఒక్కో స్పీకర్ విడిగా మోగినప్పుడు ఉన్న బేస్, రెండూ కలిసి మోగినప్పుడు పలచబడిపోతే, ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తీగలు తారుమారయ్యాయని దాదాపు ఖాయం. ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. రెండూ కలిసి ఒకదాన్ని ఒకటి చంపేస్తాయి. కొత్త స్పీకర్లు వేసినప్పుడు తరచూ జరిగే పొరపాటు ఇదే. నా స్నేహితుడి కారులో ఇలాగే ఆరు నెలలు నడిచింది. ఆయన బేస్ చాలడం లేదని సబ్ కొనడానికి కూడా సిద్ధపడ్డాడు. ఒక్క స్పీకర్ దగ్గర రెండు తీగలు అటూ ఇటూ మార్చాక, ఇంతకాలం ఈ బేస్ ఎక్కడికి పోయిందని అలాగే కూర్చుండిపోయాడు. మీరు బేస్ అంతగా పెంచాల్సి వస్తోందంటే నాకు మొదటి అనుమానం దీని మీదే.

ఇక ఆ 300 వాట్ల సంగతి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసేది చాలాసార్లు పీక్ పవర్, అంటే క్షణకాలం తట్టుకోగల శక్తి. పనికొచ్చే అంకె ఆర్ఎంఎస్ అని పక్కనే చిన్నగా ఉంటుంది. అది కూడా స్పీకర్ ఎంత తట్టుకుంటుందో చెబుతుంది తప్ప ఎంత బాగా పాడుతుందో చెప్పదు. మీ స్టీరియో ఇచ్చేది ఎంత? ఇంజన్ నడుస్తున్నప్పుడు కారు కరెంటు 14 వోల్టుల చిల్లర ఉంటుంది. స్టీరియోలోని చిన్న ఆంప్ చిప్ ఆ వోల్టేజీని పెంచుకోలేదు. ఉన్నదంతా వాడుకున్నా 4 ఓమ్‌ల స్పీకర్‌కు లెక్క ప్రకారం 25, 26 వాట్లు దాటవు, నష్టాలు పోగా నిజంగా అందేది 15 నుంచి 20 వాట్లు. ముందు ప్యానెల్ మీద నాలుగు యాభైలు అని రాసి ఉన్నా ఇంతే.

ఆ హద్దు దాటి మీరు వాల్యూమ్ ఇంకా పెంచితే ఆంప్ దగ్గర ఇవ్వడానికి వోల్టేజీ ఉండదు. శబ్ద తరంగం కొనలు కత్తిరించినట్టు చదునైపోతాయి. దీన్ని క్లిప్పింగ్ అంటారు. అలా కత్తిరింపు పడిన చోట పాటలో లేని కరకు శబ్దాలు కొత్తగా పుడతాయి. చెవికి విడిగా తెలియకపోయినా మెదడు వాటిని భరిస్తూనే ఉంటుంది. మీ అరగంట అలసటలో పెద్ద వాటా దీనిదే అయ్యుండాలి. ట్వీటర్లు, అంటే సన్నని పైస్వరాలు పలికే చిన్న స్పీకర్లు, కాలిపోయేది కూడా ఎక్కువగా ఇలాగే. అందుకే బేస్ నాబ్ మీద చెయ్యి వేయకండి. బేస్‌ను 3 డెసిబెల్స్ పెంచితే ఆ భాగానికి రెట్టింపు శక్తి కావాలి, మీ స్టీరియో దగ్గర అది లేదు. వాల్యూమ్ ఎంత దాకా శుభ్రంగా ఉంటుందో ఒకసారి చెవితో కనిపెట్టి, ఆ అంకె గుర్తుపెట్టుకుని, అక్కడే ఆగండి.

సెన్సిటివిటీ అని ఇంకో అంకె ఉంటుంది, ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయో చెప్పేది. బయటి ఆంప్ లేకుండా నడిపేవాళ్లు స్పీకర్ కొనేటప్పుడు వాట్ల కంటే ముందు దీన్ని చూడాలి. 90 ఉన్న స్పీకర్ 20 వాట్లతో చేసే పనికి 87 ఉన్నదానికి 40 వాట్లు కావాలి. మీ స్పీకర్ల కాగితంలో చూసి రాసిపెట్టుకోండి.

ఇప్పుడు తలుపు. ఈ జవాబులో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

ఇంట్లో పెట్టుకునే మంచి స్పీకర్‌ను వేలితో తట్టి చూడండి. మందపాటి చెక్క, అన్ని వైపులా మూత. ఎందుకంటే స్పీకర్ కోన్, అంటే ముందుకూ వెనక్కీ ఊగే దాని పొర, ముందుకు ఎంత శబ్దం చేస్తుందో వెనక్కి కూడా అంతే చేస్తుంది, అదీ తిరగబడి. ఆ వెనక శబ్దం ముందుకు వచ్చి కలిస్తే బేస్ చచ్చిపోతుంది. దాన్ని బంధించడానికే ఆ పెట్టె. మీ కారులో ఆ పెట్టె ఏది? తలుపే. కానీ తలుపును స్పీకర్ పెట్టెగా ఎవరూ తయారు చేయలేదు. బయట పలచని రేకు, లోపల అద్దం ఎక్కి దిగే యంత్రం, తాళం కడ్డీలు, తీగలు. లోపలి రేకుకు చేతులు పట్టేంత కంతలు, వాటి మీద ఒక ప్లాస్టిక్ కాగితం. ఆ పైన ప్లాస్టిక్ డోర్ ప్యాడ్. మీ కొత్త స్పీకర్ చేసే బేస్‌లో చాలా భాగం ఆ కంతల్లోంచి తిరిగొచ్చి తనను తానే కొట్టేసుకుంటోంది. మిగిలినది రేకును, ప్యాడ్‌ను ఊపుతోంది. మీరు విన్న గరగర అదే.

కాబట్టి డోర్ ప్యాడ్ విప్పించి మూడు పనులు చేయించాలి. మొదటిది, బయటి రేకు లోపలి వైపున బ్యుటైల్ డ్యాంపింగ్ షీట్ అతికించడం. పైన అల్యూమినియం పొర, కింద జిగురుగా ఉండే బ్యుటైల్ రబ్బరు ఉన్న షీట్ అది. రేకు ఊగితే ఆ ఊపును రబ్బరు తాగేస్తుంది. మొత్తం కప్పాల్సిన పని లేదు, పావు వంతు నుంచి సగం దాకా అతికించినా మోత చాలావరకు ఆగిపోతుంది. అతికించే ముందు స్పిరిట్‌తో దుమ్ము, జిడ్డు తుడవాలి, తర్వాత రోలర్‌తో గట్టిగా నొక్కాలి. తారుతో చేసిన షీట్లు కూడా దొరుకుతాయి. అవి వద్దు, ఎండకు కరిగి వాసన కొడతాయి, జారిపోతాయి. పని అయ్యాక తలుపును బయట నుంచి పిడికిలితో తట్టండి. ఖంగుమనే చప్పుడు పోయి దబ్‌మని వినిపించాలి.

రెండోది, నా లెక్కలో ముఖ్యమైనది, లోపలి రేకు కంతలు మూయడం. చిన్నవాటికి షీట్ చాలు. పెద్ద కంతకు ఉత్త షీట్ అతికిస్తే అది డప్పు చర్మంలా ఊగుతుంది, కొన్నాళ్లకు వేలాడుతుంది. అల్యూమినియం పలకో గట్టి ప్లాస్టిక్ పలకో కత్తిరించి బిగించి, అంచులు షీట్‌తో మూయాలి. రేపు అద్దం మోటారు చెడితే విప్పుకోగలిగేలా మరలతో బిగించమనండి. మూడోది, స్పీకర్‌ను పలచని ప్లాస్టిక్ చట్రం మీద కాకుండా గట్టి రింగు మీద కూర్చోబెట్టి, ముందు అంచు చుట్టూ ఫోమ్ పట్టీ వేయడం. ఫోమ్ లేకపోతే స్పీకర్ శబ్దంలో కొంత ప్యాడ్ వెనకాలకు పోయి అక్కడే తిరుగుతుంది.

ఈ పనిలో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. తలుపు అడుగున నీళ్లు పోయే కన్నాలు ఉంటాయి. అద్దం పక్క నుంచి లోపలికి జారే వాన నీళ్లు వాటిలోంచే బయటికి పోవాలి. మొదటిసారి నా కారుకు ఈ పని చేసినవాళ్లు ఆ కన్నాల మీద కూడా షీట్ అతికించేశారు. వానాకాలంలో బ్రేకు వేసినప్పుడల్లా తలుపులో నీళ్లు బిందెలో కదిలినట్టు చప్పుడు. నేను కనిపెట్టేసరికి కింది అంచున తుప్పు మొదలైంది. ప్యాడ్ మూయకముందు మీరే దగ్గరుండి ఒక గ్లాసు నీళ్లు అద్దం పక్క నుంచి పోసి కింద కారుతున్నాయో లేదో చూసుకోండి. రెండోది, కొన్ని కార్లలో పక్క నుంచి గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్‌ను తెరిపించే ప్రెషర్ సెన్సర్ తలుపు లోపలే ఉంటుంది. తలుపు లోపలి గాలి ఒత్తిడి చటుక్కున మారితే అది గుర్తిస్తుంది. మీ మోడల్‌లో అలాంటిది ఉందా, ఉంటే ఏ భాగాన్ని ముట్టుకోకూడదు అని కారు సర్వీసు కేంద్రంలో అడగకుండా పని మొదలుపెట్టించకండి. ఉంటే కంతలు మూసే పని వాళ్లు సరేనంటేనే. పాట కోసం ప్రాణం మీదికి తెచ్చుకునే పని ఏదీ నేను చెప్పను.

తలుపు అయ్యాక కూడా ఎక్కడో చిన్న గరగర మిగలొచ్చు. 30 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే టోన్ ఫోన్‌లో పెట్టి, ఒకరు వాల్యూమ్ చూస్తుంటే ఇంకొకరు ప్యాడ్ మీద, హ్యాండిల్ మీద, అద్దం అంచు మీద చేత్తో నొక్కుతూ పోవాలి. ఎక్కడ నొక్కితే చప్పుడు ఆగిందో దొంగ అక్కడున్నట్టు. తలుపు అరలో మరిచిపోయిన సీసా, చిల్లర, వేలాడుతున్న తీగ కప్లర్, నంబర్ ప్లేటు, ఇలాంటివే దొరుకుతాయి. ఫెల్ట్ టేపు ముక్క చాలు. ఒక సాయంత్రం పట్టే పని ఇది, కానీ దీని తర్వాత వినే మొదటి పాట మీకు చాలాకాలం గుర్తుంటుంది.

తలుపు నిండుగా అయితే ఇంకో లాభం కూడా ఉంది. వేగంగా పోతున్నప్పుడు టైర్ల హోరు, గాలి హోరు కలిసి లోపల 70 డెసిబెల్స్ దాకా ఉండొచ్చు. ఆ హోరులో ఎక్కువ భాగం మంద్ర స్థాయిలోనే, అంటే సరిగ్గా బేస్ ఉండే చోటే. అందుకే కారు ఆగి ఉన్నప్పుడు సరిపోయిన బేస్ రోడ్డెక్కగానే మాయమవుతుంది, మనం నాబ్ తిప్పుతాం, ఆంప్ క్లిప్ అవుతుంది, చెవులు అలుస్తాయి. హోరు కొద్దిగా తగ్గినా చిన్న వాల్యూమ్‌లోనే పాట నిండుగా వినిపిస్తుంది. అరిగిన టైర్లు, ఎక్కువ గాలి కొట్టిన టైర్లు కూడా హోరు పెంచుతాయి. కంపెనీ చెప్పిన ఒత్తిడే ఉంచండి.

గొంతు మోకాలి దగ్గర వినిపించడం గురించి. ఇయర్‌ఫోన్లలో రెండు చెవులకూ దూరం సమానం. కారులో మీరు ఒక పక్కకు కూర్చుంటారు. మీ పక్క తలుపు స్పీకర్ చెవికి 80 సెంటీమీటర్లలో ఉంటే, అవతలి పక్కది 140 సెంటీమీటర్లలో ఉంటుందనుకుందాం. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది, అంటే మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు. ఆ 60 సెంటీమీటర్ల తేడాకు అవతలి శబ్దం సుమారు 1.75 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. అంత చిన్న తేడా ఏం చేస్తుందిలే అనిపిస్తుంది కానీ, మన చెవి ముందు చేరిన శబ్దం వైపే తిరుగుతుంది. గొంతు మొత్తం దగ్గరి తలుపులోకి, అందులోనూ స్పీకర్ ఉన్న కింది భాగంలోకి దిగిపోతుంది.

దీనికి మందు టైమ్ అలైన్‌మెంట్. దగ్గరి స్పీకర్‌ను అదే 1.75 మిల్లీసెకన్లు ఆలస్యంగా పలికిస్తే రెండు వైపుల శబ్దం చెవికి ఒకేసారి చేరుతుంది. గొంతు తలుపులోంచి లేచి ముందు అద్దానికి ఎదురుగా వచ్చి నిలబడుతుంది. మొదటిసారి విన్నప్పుడు నేను పాట ఆపి, ఆ సెట్టింగు తీసేసి, మళ్లీ పెట్టి, పదిసార్లు పోల్చుకున్నాను. పాడేవాళ్లు ఎదురుగా, వెనక కాస్త ఎడంగా వయోలిన్లు, ఒక పక్కన తబలా, ఎవరి చోటు వాళ్లకు. కారులో సంగీతానికి ఇంతకు మించిన ఆనందం నాకు తెలియదు. మీ స్టీరియో సెట్టింగుల్లో టైమ్ అలైన్‌మెంట్ అనో, డిలే అనో, లిజనింగ్ పొజిషన్ అనో ఉందేమో వెతకండి. ఉంటే కొలత టేపు పట్టుకుని ఒక్కో స్పీకర్ నుంచి మీ తల దాకా కొలిచి ఆ అంకెలు వేయండి. లేకపోతే ఈ పని చేసిపెట్టే డీఎస్‌పీ అనే చిన్న పెట్టె విడిగా వస్తుంది, ఆంప్‌తో కలిసి కూడా వస్తుంది. మీరు ఎప్పటికైనా డబ్బు పెట్టదలిస్తే సబ్ కంటే ముందు దీని మీద పెట్టమంటాను. మైకు సీట్లో మీ తల ఉండే చోట పెట్టి కొలిచి ట్యూన్ చేసేవాళ్ల దగ్గరే చేయించుకోండి.

మీ కొత్త స్పీకర్లు ఒకే ముక్కగా ఉన్న కోయాక్సియల్ రకమా, ట్వీటర్ విడిగా ఉండే కాంపోనెంట్ రకమా మీరు రాయలేదు. కాంపోనెంట్ అయితే ట్వీటర్‌ను పైకి, అద్దం మూల త్రికోణంలోకి తెస్తే గొంతు ఇంకా పైకి లేస్తుంది. ముందు అద్దం పక్క పిల్లర్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటే అక్కడ మాత్రం బిగించకూడదు. అది తెరుచుకునేటప్పుడు ట్వీటర్ ఎగిరి ముఖానికి తగులుతుంది.

కారు లోపలి ఆకారానికి తగ్గట్టు శబ్దాన్ని మలచాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. కార్లలో రేడియో 1930 నాటికే అమ్మకానికి వచ్చింది. అయినా ఒక్కో మోడల్ లోపలి అమరికను కొలిచి దానికోసమే స్పీకర్లు, ఆంప్‌లు, ట్యూనింగ్ తయారు చేసే పద్ధతి పేరుకెక్కింది 1983 మోడల్ కార్లతో, ఎంఐటీ ప్రొఫెసర్ అమర్ బోస్ కంపెనీ జనరల్ మోటార్స్‌తో కలిసి చేసిన పనితో. ఆ అర్ధ శతాబ్దపు కార్లలో కూడా రేకు, అద్దం, సీటు అక్కడే ఉన్నాయి. వాటిని లెక్కలోకి తీసుకోవడానికే అంతకాలం పట్టింది.

ఆంప్, సబ్ అసలు వద్దా అంటే, వద్దని కాదు. తలుపులు, ట్యూనింగ్ అయ్యాక ఒక నెల వినండి. వాల్యూమ్ కొద్దిగా పెంచగానే ఇంకా కరుకుదనం వినిపిస్తే ఛానల్‌కు 50 నుంచి 75 వాట్ల ఆర్ఎంఎస్ ఇచ్చే నాలుగు ఛానళ్ల ఆంప్ పెట్టించండి. దాని పని మోత పెంచడం కాదు, మీరు వినే వాల్యూమ్‌లోనే క్లిప్ కాకుండా చూడటం. ఆంప్ మీద ఉండే గెయిన్ నాబ్ స్టీరియో సిగ్నల్‌కు ఆంప్‌ను సరిపోల్చడానికి, దాన్ని వాల్యూమ్ నాబ్ అనుకుని చివరికంటా తిప్పేవాళ్లుంటారు, ఒప్పుకోకండి. బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చే తీగకు బ్యాటరీ దగ్గరే, 45 సెంటీమీటర్ల లోపు, ఫ్యూజు ఉండి తీరాలి. ఆ తీగ ఎక్కడైనా రేకుకు ఒరుసుకుంటే నిప్పు పుట్టకుండా ఆపేది అదొక్కటే. ఎర్త్ తీగ పొట్టిగా, రంగు గీకేసిన రేకుకు బిగించాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లలో కుయ్‌మని పెరిగే శబ్దం వస్తే ముందు ఆ ఎర్త్‌నే చూడమనండి.

సబ్ విషయంలో 12 అంగుళాలు మీకు అక్కర్లేదు. మూసి ఉన్న కారు లాంటి చిన్న గదిలో బాగా కింది స్వరాలు వాటంతటవే పెరుగుతాయి, దాన్నే క్యాబిన్ గెయిన్ అంటారు. అందుకే మూసిన పెట్టెలో 8 లేదా 10 అంగుళాల సబ్ చాలామందికి సరిపోతుంది. సీటు కింద పట్టే పల్చని రకం కూడా గొంతు, వాయిద్యాలు ప్రధానంగా వినేవాళ్లకు చాలు. అక్కడ బిగించేటప్పుడు సీటు కింద పసుపు రంగులో ఉండే ఎయిర్‌బ్యాగ్ కప్లర్లను లాగకూడదు, విప్పకూడదు. 80 హెర్ట్జ్ దగ్గర గీత గీసి, దాని కిందివి సబ్‌కు, పైవి తలుపులకు పంచమనండి. బరువు దిగిపోయాక తలుపు స్పీకర్లు గొంతును ఎంత తేటగా పలుకుతాయో చూడండి. 80 హెర్ట్జ్ తరంగం పొడవు నాలుగు మీటర్ల పైనే కాబట్టి అది ఎక్కడి నుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు. డిక్కీలో సబ్ ఉన్నా డ్రమ్ము ముందే మోగుతున్నట్టుంటుంది. డిక్కీ మూత గరగరమంటే మాత్రం ఆ గరగర దాని చోటు చెప్పేస్తుంది. సబ్ ఉందని తెలియకూడదు, ఆపినప్పుడు మాత్రమే లోటు తెలియాలి, లెవెల్ అంత ఉంచుకోండి.

బ్లూటూత్ మీద పెద్దగా అనుమానం పెట్టుకోకండి. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్ల సమాచారం ఉంటుంది, బ్లూటూత్ దాన్ని కుదించి పంపుతుంది. ఎస్‌బీసీ అనే మామూలు పద్ధతిలో అది 328 దాకా, ఎల్‌డాక్ అనే ఇంకో పద్ధతి ఉంటే 990 దాకా పోతుంది. తేడా ఉంది, కానీ గరగరమనే తలుపు ముందు అది లెక్కలోకి రాదు. దానికంటే మీ పాటల యాప్‌లో డేటా పొదుపు సెట్టింగు ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే పాట ముందే పీల్చేసినట్టు వస్తుంది, తాళాల చప్పుడు ఇసుక రాలినట్టుంటుంది. హై క్వాలిటీ పెట్టుకుని, తరచూ వినేవి ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. బ్లూటూత్‌లో ఫోన్ వాల్యూమ్ పూర్తిగా పెంచి స్టీరియోతోనే తగ్గించుకోండి. తలుపులు, ట్యూనింగ్ అయిన తర్వాత ఒకసారి యూఎస్‌బీ తీగతో విని చూడండి, అప్పుడు తేడా మీకే తెలుస్తుంది.

చివరిగా అమ్మగారి తలనొప్పి. మీరు ముందు స్పీకర్లు మాత్రమే మార్చారు కాబట్టి వెనక పాత చవక స్పీకర్లు అదే వాల్యూమ్‌లో, ఆమె చెవులకు బాగా దగ్గరగా మోగుతున్నాయి. మీకు ముందు చాలడం లేదని పెంచిన ప్రతిసారీ ఆ భారం ఆమె మీద పడుతోంది. ఫేడర్ బాగా ముందుకు జరపండి, వెనక స్పీకర్లు ఉన్నాయా లేవా అన్నంత మెల్లగా ఉంచండి. మీ ఒక్కరి కోసమైతే అసలు అక్కర్లేదు. ట్యూనింగ్ చేయించేటప్పుడు డ్రైవర్ సీటుకు ఒకటి, అందరూ ఉన్నప్పటికి ఒకటి రెండు సెట్టింగులు దాచిపెట్టమనండి, ఎందుకంటే టైమ్ అలైన్‌మెంట్ ఒక్క సీటుకే కుదురుతుంది, మిగతా సీట్లలో శబ్దం ఒక పక్కకు ఒరిగిపోతుంది.

మీ చెవుల గురించి కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 85 అయితే పన్నెండున్నర గంటలే, 90 అయితే నాలుగు గంటలే. మీరు వారానికి వినేది పన్నెండు గంటలు, అంటే మీ హద్దు సరిగ్గా 85. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టి, కారు నడపని రోజు పక్క సీట్లో కూర్చుని, మామూలు వేగంలో మీ వాల్యూమ్ ఎక్కడుందో ఒకసారి చూడండి. వెనక నుంచి వచ్చే హారన్, అంబులెన్స్ సైరన్ పాటలో మునిగిపోకూడదు. ఈ వారం ప్లస్, మైనస్ పరీక్ష చేసి ఏం తేలిందో, స్టీరియోలో డిలే సెట్టింగు దొరికిందో లేదో, స్పీకర్ల సెన్సిటివిటీ ఎంతో రాయండి. కాంపోనెంట్ రకమే అయితే ట్వీటర్ ఇప్పుడు ఎక్కడ బిగించారో కూడా చెప్పండి, మీ సీటుకు ఏ మూల బాగుంటుందో అప్పుడు చూద్దాం.